ద్వారపాలకుడి త్రీడీ నమూనాకు ప్రతిబింబం తీస్తే విగ్రహం డొల్లగా కనబడుతోంది, సలహా కావాలి

పెన్నాతీరం (కడప)

అందరికీ నమస్కారం. రాయలసీమలోని విజయనగర కాలపు గుళ్ల పోలికలతో, అలాగని ఏ ఒక్క గుడికీ నకలు కాకుండా, ఒక వైష్ణవాలయ ముఖమండపాన్ని వర్చువల్ ప్రపంచంలో నిలబెట్టే పనిలో ఉన్నాను. స్తంభాలు, గడప, పైకప్పు పూర్తయ్యాయి. వాకిలికి ఒక పక్కన నిలిచే ద్వారపాలకుణ్ణి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో స్కల్ప్ట్ చేసి (చెక్కి), తరువాత తేలికైన మెష్‌గా, అంటే త్రిభుజాల వలగా మార్చుకున్నాను. రెండో పక్కన నిలబెట్టవలసిన విగ్రహాన్ని మళ్లీ మొదటి నుంచి చెక్కడమెందుకని, మొదటిదానికి నకలు తీసి ఎక్స్ దిశలో స్కేల్‌ను మైనస్ 1 చేశాను. బ్లెండర్‌లో చూసినంతసేపూ ఏ లోపమూ లేదు. ఫోను బ్రౌజరులో తెరుచుకునే వ్యూయర్‌లోకి పంపగానే రెండో విగ్రహం డొల్లగా కనబడుతోంది. ఛాతీ ఉండవలసిన చోట వీపు లోపలి తలం కనిపిస్తోంది.

ఇదే మండపాన్ని కొందరు మిత్రులు ఓపెన్‌సిమ్ అనే వర్చువల్ ప్రపంచపు వేదికలో పాత స్కల్ప్టెడ్ ప్రిమ్ పద్ధతిలో (స్కల్ప్ట్ మ్యాప్ అనే బొమ్మలోని రంగులే ఆకారాన్ని చెప్పే పద్ధతిలో) కడుతున్నారు. వారికోసం స్కల్ప్ట్ మ్యాప్‌లో ఎరుపు ఛానల్‌ను తిరగవేసి ఇచ్చాను. ఆకారం సరిగ్గా అటువైపు తిరిగింది గాని, అక్కడా డొల్లే. రెండు చోట్లా ఉన్న రోగం ఒకటేనా, వేరువేరా అన్నది తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

అనంత_మెష్ (అనంతపురం)

రోగం ఒకటే, మందు మాత్రం రెండు చోట్లా వేరు.

మెష్‌లోని ప్రతి త్రిభుజానికీ ముందువైపు ఏదో, వెనుకవైపు ఏదో కంప్యూటరుకు తెలియాలి. దాని మూడు శీర్షాలను ఏ వరుసలో రాసి ఉంచామన్నదే దానికి ఆధారం. మనవైపు నుంచి చూసినప్పుడు ఆ వరుస గడియారపు ముల్లుకు ఎదురుగా తిరిగితే అది ముందు ముఖం, ముల్లుతోపాటు తిరిగితే వెనుక ముఖం. వేగం కోసం చాలా వ్యూయర్లు వెనుక ముఖాలను అసలు గీయవు. మీరు ఎక్స్ దిశలో స్కేల్‌ను మైనస్ చేసినప్పుడు శీర్షాలు అటువైపుకు వెళ్లాయి గాని వాటి వరుస మారలేదు. కాబట్టి ప్రతి త్రిభుజమూ వెనక్కి తిరిగినట్లయింది. ఛాతీని గీయకుండా వదిలేసి, వీపు లోపలి భాగాన్ని గీస్తున్నది అందుకే.

నిమ్మలకుంట తోలుబొమ్మను చూసినవారికి ఈ విషయం సులువుగా బోధపడుతుంది. తెర మీద ఎడమకు చూస్తున్న బొమ్మను కుడివైపుకు చూసేలా చేయాలంటే ఆడించేవారు దాన్ని చటుక్కున తిరగేస్తారు. బొమ్మ పలచనిది, వెలుగు దానిలోనుంచి పోతుంది, కాబట్టి తిరగేసిన బొమ్మే ప్రతిబింబం. అక్కడ బొమ్మకు ఉన్నవి రెండు దిశలే, తిరగడానికి మూడో దిశ ఖాళీగా ఉంది. మన విగ్రహానికి మూడు దిశలూ నిండిపోయాయి, తిరగడానికి నాలుగో దిశ లేదు. అందుకే ఎన్ని డిగ్రీలు ఎటు తిప్పినా ఎడమచేయి కుడిచేయి కాదు. సంఖ్యల గుర్తు మార్చడం ఒక్కటే దారి. అలా మార్చిన ప్రతిసారీ త్రిభుజాల వరుసను కూడా తిరగవేయాలి.

త్రీడీ నమూనాలను పంపే ఫైలు పద్ధతి జీఎల్‌టీఎఫ్ 2.0 నిర్దేశం ఈ సంగతిని స్పష్టంగానే చెబుతుంది. ఒక నోడ్ (ఫైలులోని ఒక వస్తువు) మీద పడే మొత్తం మార్పిడికి డిటర్మినెంట్ రుణ సంఖ్య అయితే, అంటే ఆ మార్పిడిలో ప్రతిబింబం ఉంటే, ఆ నోడ్‌లోని త్రిభుజాల వరుసను తిరగవేసి చదువుకోవాలి. ఆ నియమాన్ని పాటించే వ్యూయర్‌లో మీ విగ్రహం సరిగ్గానే కనబడాలి. మీది పాటించడం లేదని అర్థమవుతోంది. వ్యూయర్ మీ చేతిలో లేదు గనుక, ఫైలులోకి రుణ స్కేల్ వెళ్లకుండా చూసుకోవడమే మేలు.

బ్లెండర్‌లో నకలును ఎంచుకుని స్కేల్‌ను అప్లై చేయండి. తరువాత ఓవర్‌లేలలోని ఫేస్ ఓరియెంటేషన్‌ను వెలిగించండి. విగ్రహం బయటివైపు ఎర్రగా కనిపిస్తే, ఎడిట్ మోడ్‌లో అన్ని ముఖాలనూ ఎంచుకుని నార్మల్స్‌ను (తలం ఎటు చూస్తోందో చెప్పే దిశలను) ఫ్లిప్ చేయండి. నార్మల్స్‌ను బయటికి తిప్పమని బ్లెండర్‌కే వదిలేసే ఆదేశం ఒకటి ఉంది గాని, మడతలున్న వస్త్రం, ఒకదానిలో ఒకటి దూరిన ఆభరణాలు ఉన్నచోట అది అక్కడక్కడా తప్పుగా ఊహిస్తుంది. అన్నీ ఒకేసారి తిరగబడ్డాయని మనకు ముందే తెలిసినప్పుడు ఊహకు వదలనక్కరలేదు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

స్కల్ప్ట్ మ్యాప్ సంగతి నేను చెబుతాను. సెకండ్ లైఫ్ అనే వర్చువల్ ప్రపంచంలో 2007లో వచ్చిన పద్ధతి ఇది. 2011లో మెష్ వచ్చాక దాని అవసరం తగ్గినా, ఓపెన్‌సిమ్‌లోని పాత కట్టడాలలో ఇప్పటికీ కనిపిస్తుంది.

స్కల్ప్ట్ మ్యాప్ చూడడానికి రంగురంగుల చిన్న బొమ్మ. నిజానికి అది శీర్షాల పట్టిక. ప్రతి చుక్కలోని ఎరుపు విలువ ఎక్స్ స్థానాన్ని, ఆకుపచ్చ విలువ వై స్థానాన్ని, నీలం విలువ జెడ్ స్థానాన్ని చెబుతాయి. ప్రతి రంగుకూ 0 నుంచి 255 వరకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. ఏ చుక్క పక్కన ఏ చుక్క ఉందో దాన్నిబట్టి తలం అల్లుకుంటుంది. అంటే ఈ బొమ్మలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి: చుక్క రంగు స్థానాన్ని చెబితే, చుక్కల వరుస తలం ఎటు తిరిగి ఉందో చెబుతుంది.

పెన్నాతీరం గారు ఎరుపును తిరగవేసి, అంటే 255 నుంచి తీసివేసి, స్థానాన్ని మార్చారు గాని వరుసను మార్చలేదు. దానితోపాటు బొమ్మను అడ్డంగా కూడా తిప్పాలి. ఎడమ అంచులోని చుక్క కుడి అంచుకు పోవాలి. ఎరుపు తిరగవేయడం, అడ్డంగా తిప్పడం రెండూ చేస్తే నిండైన ప్రతిబింబం వస్తుంది. మొదటిది మాత్రమే చేస్తే డొల్ల ప్రతిబింబం, రెండోది మాత్రమే చేస్తే ఆకారం మారకుండా లోపలిది బయటికి వచ్చిన విగ్రహం మిగులుతాయి.

నిజానికి ఇంత శ్రమ కూడా అక్కరలేదు. ఎడిట్ కిటికీలో స్కల్ప్ట్ మ్యాప్ ఎంచుకునే చోటే మిర్రర్, ఇన్‌సైడ్ అవుట్ అని రెండు గడులుంటాయి. మిర్రర్ గడిలో టిక్కు పెడితే వ్యూయర్ పైన చెప్పిన రెండు పనులనూ తానే చేస్తుంది. కొత్త మ్యాప్‌ను అప్‌లోడ్ చేయకుండా పాతదాన్నే రెండు విగ్రహాలకూ వాడుకోవచ్చు. స్క్రిప్ట్‌తో చేయదలిస్తే స్కల్ప్ట్ రకం సంఖ్యకు మిర్రర్ కోసం 128, ఇన్‌సైడ్ అవుట్ కోసం 64 కలపాలి. గోళం రకం సంఖ్య 1 కాబట్టి, ప్రతిబింబించిన గోళం 129 అవుతుంది. ఈ గడి ఎక్స్ దిశలోనే పనిచేస్తుందని కొందరు ఇబ్బంది పడుతుంటారు. వై దిశలో కావలసివస్తే మిర్రర్ పెట్టి, జెడ్ అక్షం మీద 180 డిగ్రీలు తిప్పితే సరిపోతుంది.

మ్యాప్‌ను చేత్తోనే మార్చి అప్‌లోడ్ చేసేవారికి ఒక హెచ్చరిక. నష్టం లేని కుదింపు అనే గడిలో టిక్కు పెట్టడం మరిచిపోకండి. మామూలు కుదింపులో రంగుల విలువలు కొద్దిగా అటూఇటూ జరుగుతాయి. ఫొటోలో అది కంటికి ఆనదు గాని, ఇక్కడ రంగే స్థానం గనుక విగ్రహం ముఖమంతా గజ్జి లేచినట్లు గుంటలు, గడ్డలు తేలుతాయి.

పెన్నాతీరం (కడప)

ఇద్దరికీ ధన్యవాదాలు. డొల్లతనం రెండు చోట్లా పోయింది. ఓపెన్‌సిమ్‌లో మిర్రర్ గడి ఒక్కటే పని ముగించింది.

అయితే ఇప్పుడు ఇంకో చిక్కు కనబడుతోంది. బ్రౌజరు వ్యూయర్‌లో రెండో విగ్రహం కంఠహారం చెక్కడం కొన్నిచోట్ల లోపలికి దిగినట్లు, కొన్నిచోట్ల పైకి లేచినట్లు ఉంది. అంతేగాక, రంగు టెక్స్చర్‌లో (విగ్రహం మీద అతికించే రంగుల బొమ్మలో) తూర్పు ఎండను నేనే ముందుగా బేక్ చేసి, అంటే బొమ్మలోనే గీసి ఉంచాను. ఇప్పుడు ఒక విగ్రహానికి ఎండ ఇటు నుంచి, దాని ఎదుటిదానికి అటు నుంచి పడుతున్నట్లుంది. మండపం మధ్యలో నిలబడి చూస్తే ఇద్దరు సూర్యులున్నట్లే కనిపిస్తోంది. రెండో విగ్రహం కోసం రంగు టెక్స్చర్‌నూ, చెక్కడపు ఎత్తుపల్లాలను వెలుగులో చూపే నార్మల్ మ్యాప్‌నూ ఫొటో ఎడిటర్‌లో అడ్డంగా తిప్పి, దానికి తగ్గట్టు యూవీని (బొమ్మలో ఏ చోటు మెష్‌లో ఎక్కడ అతకాలో చెప్పే పటాన్ని) కూడా తిప్పాను.

అనంత_మెష్ (అనంతపురం)

నార్మల్ మ్యాప్‌ను ఫొటోలా తిప్పకూడదు. దానిలోని రంగులు కూడా దిశలే. ఎరుపు తలం కుడిఎడమలకు ఎంత వాలిందో, ఆకుపచ్చ పైకీ కిందికీ ఎంత వాలిందో చెబుతాయి. బొమ్మను అడ్డంగా తిప్పినప్పుడు చుక్కలు చోటు మారాయి గాని, ప్రతి చుక్కలో రాసి ఉన్న వాలు పాతదే. అడ్డంగా తిప్పిన నార్మల్ మ్యాప్‌లో ఎరుపును తిరగవేస్తే గాని లెక్క సరిపోదు.

కనిపెట్టే ఉపాయం ఒకటి చెబుతాను. విగ్రహం ముందు ఒక దీపాన్ని ఎడమ నుంచి కుడికి జరపండి. పక్క నుంచి వెలుగు పడ్డప్పుడు మాత్రమే చెక్కడం లోపలికి దిగినట్లు కనిపిస్తే దోషం ఎరుపులో ఉంది. పై నుంచి వెలుగు పడ్డప్పుడు మాత్రమే అలా కనిపిస్తే దోషం ఆకుపచ్చలో ఉంది. ఈ రెండోది ప్రతిబింబం వల్ల వచ్చేది కాదు. ఓపెన్‌జీఎల్ అలవాటు ప్రకారం చేసిన మ్యాప్‌ను డైరెక్ట్‌ఎక్స్ అలవాటు ఉన్న ఇంజిన్‌లో వాడినప్పుడు వస్తుంది. అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్‌కు పంపేవారికి ఇది తరచు ఎదురవుతుంది. మీరు మ్యాప్‌ను అడ్డంగా తిప్పారన్నారు గనుక ఇది ఎరుపు దోషమే. నిలువు గాళ్లు తారుమారై, అడ్డం గాళ్లు బాగానే ఉండి ఉంటాయి.

అసలు మంచి పద్ధతి ఏ మ్యాప్‌నూ తిప్పకపోవడం. మెష్‌కు ప్రతిబింబం తీసి, యూవీని పాతదానిమీదే ఉంచి, అవే టెక్స్చర్లను రెండు విగ్రహాలకూ వాడండి. రెండో విగ్రహంలో టెక్స్చర్ తిరగబడి అతుక్కున్నదన్న సంగతిని జీఎల్‌టీఎఫ్‌లో ప్రతి శీర్షపు టాంజెంట్‌తోపాటు (తలం మీద టెక్స్చర్ అడ్డదిశ ఎటు పోతోందో చెప్పే మూడు సంఖ్యలతోపాటు) ఉండే నాలుగో సంఖ్య చెబుతుంది. అది 1 గాని మైనస్ 1 గాని అవుతుంది. ఎగుమతి చేసేటప్పుడు టాంజెంట్లను కూడా పంపే గడిలో టిక్కు పెడితే వ్యూయర్ తనంతట తాను ఊహించుకునే అవసరం తప్పుతుంది.

ఎండ విషయంలో మీరు చేసిన బేక్‌ను వదులుకోక తప్పదు. సందుల్లో నిలిచే నీడను, అంటే మెడ కింద, చంకలో, ఆభరణాల అడుగున ఉండే మసకను బేక్ చేయవచ్చు. అది విగ్రహం ఆకారం నుంచి పుట్టినది కాబట్టి ప్రతిబింబంతోపాటు సరిగ్గానే తిరుగుతుంది. ఎండ అలాంటిది కాదు, అది మండపానికి చెందినది. దాన్ని వ్యూయర్‌లోని దీపానికి వదిలేయండి, లేదా విగ్రహాలను వాటి వాటి చోట నిలబెట్టిన తరువాత రెండో యూవీలో విడిగా బేక్ చేయండి.

ఉలి_సుత్తి (ఆళ్లగడ్డ, ప్రస్తుతం కర్నూలు)

పై చర్చంతా తలం లోపలా బయటా అన్నదాని మీద నడిచింది. మాది రాతిపని ఇల్లు కాబట్టి వేరే సంగతి అడుగుతున్నాను. పెన్నాతీరం గారూ, మీ ద్వారపాలకుడికి నాలుగు చేతులున్నాయా? ఉంటే పైచేతులలో శంఖచక్రాలు ఉండి ఉంటాయి. ప్రతిబింబం తీసిన తరువాత చక్రం ఏ చేతికి వెళ్లిందో ఒకసారి చూసుకున్నారా?

మా ఇంట్లో జయవిజయులను జతగా చెక్కేటప్పుడు నాన్నగారు ఒకే బొమ్మను కాగితం మీద గీసి, గీతల వెంబడి సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని రాతి మీద పరిచి, పలచని గుడ్డలో మూట కట్టిన బొగ్గుపొడిని అద్దితే గీతలు చుక్కలుగా రాతి మీద పడతాయి. రెండో రాతికి అదే కాగితాన్ని తిరగేసి పరుస్తారు. అయితే తిరగేసే ముందు శంఖం, చక్రం, జందెం ఉన్న చోట్ల చిన్న కాగితం ముక్కలు అంటించి చిల్లులను మూసేస్తారు. నిలుచున్న భంగిమ, వంచిన మోకాలు, గద మీద ఆనించిన చేయి, బెదిరించే వేలు ఇవన్నీ అటువైపుకు తిరుగుతాయి. మూసేసిన చోట్ల మాత్రం రాతి మీద చేత్తో విడిగా గీసుకుంటారు. చక్రం రెండు విగ్రహాలకూ కుడివైపు పైచేతిలోనే, శంఖం ఎడమవైపు పైచేతిలోనే ఉంటాయి.

జందెం సంగతి మరీ ముఖ్యం. అది ఎడమ భుజం మీదుగా కుడివైపుకు దిగాలి. ప్రతిబింబంలో కుడి భుజం మీదికి వచ్చేస్తుంది. అలా వేసుకోవడాన్ని ప్రాచీనావీతం అంటారు, అది పితృకార్యాలలో వేసుకునే తీరు. దేవుడి వాకిట కాపలా ఉన్నవాణ్ణి తద్దినం పెడుతున్నట్లు నిలబెట్టడం బాగుండదు కదా.

మూలవిరాట్టు జోలికి వెళితే ఇంకా జాగ్రత్త పడాలి. విష్ణువు చతుర్వింశతి మూర్తులలో ఒక రూపాన్ని ఇంకొక రూపం నుంచి వేరు చేసేది నాలుగు చేతుల్లోని వస్తువుల వరుసే. ప్రచారంలో ఉన్న క్రమం ప్రకారం, కుడివైపు కిందిచేతి నుంచి మొదలుపెట్టి పైకెక్కి ఎడమవైపు దిగితే కేశవుడికి పద్మం, శంఖం, చక్రం, గద వస్తాయి. మాధవుడికి అదే దారిలో గద, చక్రం, శంఖం, పద్మం వస్తాయి. ఒకదానికొకటి సరిగ్గా తిరగేసిన వరుసలు. కేశవుడి నమూనాకు మిర్రర్ పెడితే ఎదురుగా నిలిచేది మాధవుడు.

రేనాటి_వెలుగు (ప్రొద్దుటూరు)

ఉలి_సుత్తి గారి మాటకు నావి కొన్ని చేరుస్తాను. నేను విగ్రహాలను చెక్కను, ఫొటోలు తీసి వాటి నుంచి మెష్ తయారు చేస్తుంటాను. ఇంటింటా పూజించే వినాయకుడి తొండం ఎక్కువగా ఆయన ఎడమవైపుకు తిరిగి ఉంటుంది. కుడివైపు తొండం ఉన్న మూర్తికి నియమాలు కఠినమని పెద్దలు చెబుతారు. ఒక మిర్రర్‌తో ఇంటి వినాయకుడు నియమాల వినాయకుడు అయిపోతాడు. స్త్రీమూర్తులకు పైట కూడా అంతే, భుజం మారితే చూసే ఏ ఆడవారికైనా క్షణంలో తెలిసిపోతుంది.

శాసనాలున్న చోట మిర్రర్ అసలు పనికిరాదు. మా జిల్లాలోని కలమళ్ల శాసనం, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళ రాజు ధనంజయుడు వేయించినది, తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరుపొందింది. అలాంటి రాతి నమూనాను మండపంలో జతగా ఉంటుందని అటువైపు తిప్పి పెడితే, అక్షరాలు అద్దంలో చూసినట్లు కనబడి చదవడానికి వీలుండదు. స్తంభం ఏదైనా సరే, దాని మీద ఒక్క అక్షరం ఉన్నా దాన్ని తిప్పి నిలబెట్టండి గాని ప్రతిబింబించకండి.

స్కల్ప్టెడ్ ప్రిమ్‌లో ఒక వింత ఉంది, తుంగభద్ర_తీరం గారు దాన్ని ప్రస్తావించలేదు. మిర్రర్ గడి పెట్టినప్పుడు మ్యాప్ మాత్రమే అడ్డంగా తిరుగుతుంది, పైన అతికించిన రంగు టెక్స్చర్ తిరగదు. అందువల్ల అక్షరాలు చదవడానికి వీలుగానే ఉంటాయి గాని అవి ఉండవలసిన చోట కాక అవతలి పక్కకు చేరతాయి. కుడికంటి రంగు ఎడమకంటికి వెళ్లినట్లు ఉంటుంది. దాన్ని సరిచేయడానికి టెక్స్చర్ ట్యాబ్‌లో ఫ్లిప్ పెడితే రంగులు చోటికి వస్తాయి, కాని అక్షరాలు తిరగబడతాయి. రెండిటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

బురుజు_నీడ (కర్నూలు)

పెద్దలు అనుమతిస్తే ఒక మాట. ఫోను తెర మీద అరచేయి అంత కూడా కనిపించని విగ్రహానికి జందెం ఏ భుజం మీద ఉందో ఎవరు చూస్తారు? ఇంత ఆలోచిస్తే మండపం ఎప్పటికి పూర్తవుతుంది?

ఉలి_సుత్తి (ఆళ్లగడ్డ, ప్రస్తుతం కర్నూలు)

ఫోను తెర మీద వేళ్లతో దగ్గరికి లాక్కుని చూసేవాళ్లే ఎక్కువ. గోపురం మీద అరవై అడుగుల ఎత్తున ఉన్న బొమ్మకు కూడా మావాళ్లు జందెం సరిగ్గానే చెక్కారు.

పెన్నాతీరం (కడప)

ఉలి_సుత్తి గారు చెప్పినదాన్ని చదివి విగ్రహాన్ని తెరిచి చూశాను. చక్రం ఎడమవైపుకు వచ్చింది, జందెం కుడి భుజం మీద ఉంది. ఇక ఈ నమూనాను మూడు భాగాలుగా విడదీస్తున్నాను. శరీరం, కిరీటం, నడుము కట్టు, గద ఇవన్నీ ఒక భాగం. ఇది ప్రతిబింబంగా మారుతుంది. జందెం విడి మెష్. శంఖం, చక్రం వేరే విడి మెష్‌లు, వీటిని ప్రతిబింబించకుండా మణికట్టు దగ్గరికి జరిపి, తిప్పి నిలబెడతాను. జందెం మాత్రం రెండో విగ్రహం ఛాతీ మీద మళ్లీ పరిచి అమర్చవలసి వస్తుంది, ఎందుకంటే నడుము ఒంపు అటువైపుకు మారింది.

శంఖం పట్టుకున్న వేళ్ల సంగతి తేలలేదు. ఎడమవైపు పైచేతిలో రెండు వేళ్ల మధ్య శంఖం నిలిచి ఉంది, కుడివైపు పైచేతిలో చూపుడువేలి కొసన చక్రం ఉంది. శరీరాన్ని ప్రతిబింబిస్తే ఆ వేళ్లు కూడా మారిపోతాయి.

మరొక సందేహం: విగ్రహానికి సుమారు 40,000 త్రిభుజాలు, 20,000 శీర్షాలు వచ్చాయి. రుణ స్కేల్ వద్దన్నారు కాబట్టి రెండో మెష్ ఫైలులో విడిగా చేరుతుంది. జిల్లాలోని బడిపిల్లలు మామూలు ఫోన్లలో తెరవాలన్నది నా కోరిక. బరువు రెట్టింపవుతుందేమో?

తుంగభద్ర_తీరం (కర్నూలు)

బరువు ఎక్కడ ఉందో లెక్క వేసి చూద్దాం. ఒక శీర్షానికి స్థానం 12 బైట్లు, నార్మల్ 12, టాంజెంట్ 16, యూవీ 8, మొత్తం 48 బైట్లు. 20,000 శీర్షాలకు 9,60,000 బైట్లు. శీర్షాలు 65,535కు లోపే ఉన్నాయి కాబట్టి త్రిభుజాల పట్టికలో ఒక్కో సంఖ్యకు 2 బైట్లు చాలు; 40,000 త్రిభుజాలకు 2,40,000 బైట్లు. అంటే విగ్రహం ఆకారమంతా కలిపి 12 లక్షల బైట్లు, కుదించకముందు.

ఇప్పుడు టెక్స్చర్ చూడండి. 2048 చుక్కల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక్క టెక్స్చర్‌ను ఫోను గ్రాఫిక్స్ మెమరీలో విప్పితే, చుక్కకు 4 బైట్ల చొప్పున 1,67,77,216 బైట్లు. దూరానికి వాడే చిన్న నకళ్లతో కలిపితే ఇంకో మూడో వంతు పెరుగుతుంది. మీకు రంగు టెక్స్చర్ ఒకటి, నార్మల్ మ్యాప్ ఒకటి ఉన్నాయి. ఫోనును కుంగదీసేది ఇవే గాని మెష్ కాదు. మెష్‌ను నిశ్చింతగా రెండుసార్లు పెట్టుకోండి, టెక్స్చర్లు మాత్రం ఒకే జతగా ఉండనివ్వండి. అనంత_మెష్ గారు చెప్పినట్లు యూవీని ముట్టుకోకపోతే అది దానంతటదే కుదురుతుంది.

రుణ స్కేల్‌తో వచ్చే ఇంకొక ఇబ్బందిని కూడా చెప్పి ఉంచుతాను. పైకప్పు చుట్టూ వరుసగా వచ్చే హంసల వంటి చిన్న బొమ్మలను ఒకే ఆదేశంతో గుంపుగా గీయించే పద్ధతి వాడితే, ఆ గుంపులో కొన్నిటికి రుణ స్కేల్, కొన్నిటికి మామూలు స్కేల్ ఉండకూడదు. బ్రౌజరులో త్రీడీ గీయడానికి వాడే త్రీ.జేఎస్‌లో అది కుదరదు. ఎడమకు చూసే హంసలు ఒక గుంపు, కుడికి చూసేవి వేరొక మెష్‌తో ఇంకో గుంపు కావాలి.

అనంత_మెష్ (అనంతపురం)

వేళ్ల విషయానికి: మణికట్టు దగ్గర తెంపండి. మొదటి విగ్రహం నాలుగు అరచేతులనూ విడి ముక్కలుగా దాచుకోండి. రెండో విగ్రహానికి ప్రతిబింబించిన శరీరం మీద కుడివైపు పైచేతికి మొదటి విగ్రహపు కుడి అరచేతినే, ప్రతిబింబించకుండా, చక్రంతో సహా అతికించండి. ఎడమచేతికి ఎడమ అరచేతిని శంఖంతో సహా. మణికట్టుకు కంకణం ఉంది కాబట్టి అతుకు దాని కింద దాక్కుంటుంది. కింది చేతులు మాత్రం శరీరంతోపాటు తిరిగినవే ఉండాలి.

ఉలి_సుత్తి (ఆళ్లగడ్డ, ప్రస్తుతం కర్నూలు)

అతికించే పద్ధతి బాగుంది. శంఖాన్ని విడిగా ఉంచడంలో ఇంకో మేలు కూడా ఉంది. సముద్రంలో దొరికే శంఖాల మెలిక దాదాపు అన్నిటికీ ఒకే వైపుకు ఉంటుంది. ఎదురుమెలిక ఉన్నది చాలా అరుదు, దాన్నే దక్షిణావర్త శంఖమని వెల పోసి కొని పూజగదిలో పెట్టుకుంటారు. మామూలు శంఖానికి ప్రతిబింబం తీస్తే అచ్చంగా అదే వస్తుంది. జతలో ఒకరి చేతిలో మామూలు శంఖం, ఇంకొకరి చేతిలో దక్షిణావర్తం ఉంటే తెలిసినవారు కారణం అడుగుతారు.

ఇంకొక సూచన, ఇష్టమైతేనే పాటించండి. చేత్తో చెక్కిన జతలో రెండు ముఖాలు అచ్చు గుద్దినట్లు ఉండవు. కాగితం ఒకటే అయినా, కిరీటం మీది లతలో ఒక ఆకు తేడా వస్తుంది, హారంలో ఒక పూస పెద్దదవుతుంది, కనుబొమ ఒకటి కాస్త ఎక్కువ ముడిపడుతుంది. మెష్ పూర్తయ్యాక రెండో విగ్రహం ముఖాన్ని మళ్లీ స్కల్ప్ట్ మోడ్‌లోకి తీసుకుని, కుడిఎడమల సమానతను ఆపేసి, పెదవి కొసనూ కనుబొమనూ కొద్దిగా కదపండి. యూవీ చెదరదు. అద్దం పెట్టి తీసిందన్న భావన పోతుంది.

పెన్నాతీరం (కడప)

అరచేతులు అతికించాను, కంకణం కింద అతుకు కనబడడం లేదు. జందెం మళ్లీ పరిచాను. ఎండ బేక్‌ను తీసివేసి సందుల నీడను మాత్రమే ఉంచాను. ముఖాన్ని కూడా కాస్త కదిపాను. రెండో ఆయన మొదటి ఆయన కంటే కోపిష్ఠిగా కనిపిస్తున్నాడు, అలాగే వదిలేశాను.

ఓపెన్‌సిమ్ మిత్రుల తరఫున ఒక్క ప్రశ్న మిగిలింది. వాకిలి పైన మకరతోరణం మధ్యలో కీర్తిముఖం ఉంది. అది కుడిఎడమలు పూర్తిగా సమానంగా ఉండే ముఖం. సగాన్నే చెక్కి, స్కల్ప్టెడ్ ప్రిమ్‌గా చేసి, మిర్రర్ గడి పెట్టిన నకలుతో జత చేశారు. రెండు సగాలు కలిసే చోట, సరిగ్గా ముక్కు మీద, నిలువుగా ఒక గీత కనబడుతోంది. సందు లేదు, శీర్షాలు కలిసే ఉన్నాయి. అయినా గీత పోవడం లేదు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

సందు లేదంటే వారు కలిసే అంచులో ఎరుపును కచ్చితంగా 0 దగ్గర ఉంచారన్నమాట, అంతవరకు సరిగ్గానే చేశారు. గీత వచ్చేది వెలుగు లెక్క వల్ల. ప్రతి ప్రిమ్ తన నార్మల్స్‌ను తనంతట తానే లెక్కించుకుంటుంది, పక్క ప్రిమ్‌లో తలం ఎలా వాలి ఉందో దానికి తెలియదు. ముక్కు దూలం మీద ఎడమ సగం ఒక దిశను, కుడి సగం ఇంకొక దిశను చెబుతాయి. ఆ తేడాయే గీత.

రెండు సగాలుగా చేస్తే ప్రతి సగానికీ 256 మెట్లు పూర్తిగా దొరుకుతాయి, చెక్కడం నునుపుగా వస్తుంది. తోరణం లతలకు, పద్మపీఠానికి అది మంచిది. అక్కడ అతుకును ఒక కాడ కిందో రేకు కిందో దాచవచ్చు. ముఖానికి దాచే చోటు లేదు కాబట్టి ఒకే ప్రిమ్‌గా చేయమనండి. అప్పుడు నడిమి గీత 127కూ 128కీ మధ్య పడుతుంది, 127.5 అనే మెట్టు లేదు. అందువల్ల ఒక వరుస శీర్షాలను సరిగ్గా నడిమి గీత మీదే పెట్టాలని ప్రయత్నించకుండా, ఒక వరుసను 127 మీద, దాని పక్క వరుసను 128 మీద ఉంచి, మిగిలిన వరుసలన్నిటిలో కుడివైపు విలువ 255 నుంచి ఎడమవైపు విలువను తీసివేసినంత ఉండేలా చూడమనండి. కీర్తిముఖం వెడల్పు 1.275 మీటర్లు అయితే ఒక్కో మెట్టు అర సెంటీమీటరు. ముక్కు దూలం మీద అర సెంటీమీటరు వెడల్పున చదునైన పట్టీ మిగులుతుంది, కింద నిలబడి తలెత్తి చూసేవారికి అది ఉలి చదును చేసిన ముక్కులాగే కనబడుతుంది.